దాక్కోవడానికా, దాచుకోవడానికా?

ఐర్లండ్ పల్లెల్లో పొలం దున్నుతుండగా ట్రాక్టరు చక్రం కింద నేల దిగబడి, పక్కకు జరిగిన బండ సందులోంచి చల్లగాలి తగిలితే అక్కడి రైతు పెద్దగా ఆశ్చర్యపోడు. 'కేవ్ బయటపడింది' అంటాడు. ఆంట్రిమ్, డౌన్ కౌంటీల వైపైతే 'కోవ్' అంటారు. టార్చి వేసి చూస్తే రెండు వైపులా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, పైన అడ్డంగా పరిచిన బండలు కనిపిస్తాయి. మనిషి నిటారుగా నిలబడలేని దారి కొంతదూరం పోయి, వంపు తిరిగి, చీకట్లో కలిసిపోతుంది.

ఇలాంటివి ఐర్లండ్ ద్వీపమంతటా కలిపి 3,500 దాకా తెలుసు. పురావస్తు శాస్త్రజ్ఞులు వీటికి ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న 'సూటరెయిన్' అనే పేరు వాడతారు. తెలుగులో ఏమనాలో తేల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. సొరంగం అందామంటే, సొరంగం ఇటు దూరి అటు తేలేది. ఇది చాలాచోట్ల ఎక్కడికీ తేలదు. పాతర అందామంటే, పాతర గింజలు పోసి మూసేది. ఇందులో మనుషులు తిరిగారు. నేలమాళిగ అంటే మెట్లు దిగి హాయిగా నడిచే గది గుర్తొస్తుంది, ఇక్కడ పాకాలి. చివరికి 'బిలం' అన్న పాత మాటే దగ్గరగా తోచింది. ఐరిష్ భాషలో వీటికి వాడిన పాత మాట 'ఉవమ్'. దానికీ గుహ, బిలం అనే అర్థం.

ఈ బిలాల గురించి నూరేళ్లకు పైగా ఒకే ప్రశ్న నడుస్తోంది. మనుషులు దాక్కోవడానికి తవ్వారా, తిండీ సొమ్మూ దాచుకోవడానికి తవ్వారా? రెండువైపులా గట్టి పండితులే ఉన్నారు. ఆ వాదాలను ఇక్కడ ఒకచోట పెట్టి చూస్తాను. నేను ఎటు మొగ్గానో, ఎందుకు మొగ్గానో కూడా చెబుతాను.

ముందు కట్టుబడి సంగతి. రాతి బిలాల్లో ఎక్కువ భాగం తవ్వి కప్పినవే. కావలసిన ఆకారంలో కందకం తవ్వి, అందులో రెండు గోడలు పేర్చుకొస్తారు. పైకి వచ్చేకొద్దీ ఒక్కో వరసా లోపలికి జరుపుతూ సందు తగ్గిస్తారు. ఆ మిగిలిన సందును పెద్ద బండలతో మూసి, మట్టి కప్పి, పైన గడ్డి పెరగనిస్తారు. ఏడాది తిరిగేసరికి కింద ఏముందో పైనుంచి ఎవరికీ తెలియదు. రాయి దొరకని చోట, లేదా మట్టి గట్టిగా ఉన్నచోట, రాయి పేర్చకుండా నేలలోకే తొలిచారు. దక్షిణాన కార్క్ కౌంటీలో ఇలాంటి మట్టి బిలాలు చాలా ఉన్నాయి; చిన్న చిన్న గదులు, వాటిని కలిపే ఇరుకు కన్నాలు. కొన్నిచోట్ల బండరాతినే తొలిచారు. అరుదుగా చెక్కతోనూ కట్టారు. గదుల్లోకి గాలి రావడానికి సన్నటి రాతి గొట్టాల్లాంటి మార్గాలు వదిలారు. నీరు నిలవకుండా నేలలో కాలువలు తీశారు. గోడల్లో అక్కడక్కడా గూళ్లు పెట్టారు. ఇది తొందరలో చేసిన పని కాదు. చెమటోడ్చి, ఓపికగా చేసిన పని.

ఇక ఈ ప్రశ్నకంతటికీ కేంద్రమైన ఒక చిన్న భాగాన్ని దగ్గరగా చూడాలి. ఇంగ్లీషులో దాన్ని 'క్రీప్' అంటారు. మనం పాకుడు కన్నం అందాం. దారి ఉన్నట్టుండి కుంచించుకుపోయి, ఒక అడ్డుగోడ అడుగున అరమీటరుకు అటూఇటూగా ఉండే కన్నం మిగులుతుంది. దాంట్లోంచి పోవాలంటే బోర్లా పడుకుని, చేతులు ముందుకు చాచి, మోచేతుల మీద ఈడ్చుకుంటూ జరగాలి. భుజాలు రెండు వైపులా రాతికి రాసుకుంటాయి. తల ముందు అవతలి గదిలోకి పోతుంది, ఒళ్లు ఇంకా ఇవతలే ఉంటుంది. ఆ క్షణంలో చేతిలో కత్తి ఉన్నా ఎత్తడానికి చోటు లేదు. వెనక్కి తిరగడానికీ లేదు.

ఇంకా కష్టమైన రకం ఉంది. దారి గోడతో ముగిసినట్టు కనిపిస్తుంది, కానీ తలెత్తితే పైకప్పులో ఒక కన్నం. అందులోంచి పైకి ఎగబాకితే మరో అంతస్తు, అక్కడ మళ్లీ దారి. ఆ కన్నం మీద బండ జరిపితే కింద ఉన్నవాడికి దారి అక్కడితో అయిపోయిందనే అనిపిస్తుంది. బండ తీసి ఉన్నా, పైకి ఎక్కేవాడు ముందు తల బయటపెట్టాలి. పైన కూచున్న ముసలమ్మ చేతిలో కర్ర ఉన్నా చాలు. లౌత్ కౌంటీలో డన్‌డాక్ దగ్గర డొనామోర్ బిలంలో ఇలాంటి అంతస్తుల కట్టుబడి ఉంది.

దాక్కోవడానికే అనేవాళ్ల వాదానికి ఈ కన్నమే ఆయువుపట్టు. పాలబానలు దాచుకునే ఇంటామె రోజూ రెండుపూటలా బోర్లా పడి పాకుతుందా?

అయితే కాలం తేలకుండా ప్రయోజనం తేలదు. రాతి గోడలకు వయసు కట్టడం కష్టం. లోపల దొరికే బొగ్గు, ఎముకలు కట్టినప్పటివి కాకపోవచ్చు. తర్వాత ఎప్పుడో మట్టితో పాటు జారిపడినవీ కావచ్చు. అయినా మంచి ఆధారాలు కొన్ని దొరికాయి. వాటిలో అన్నిటికన్నా స్పష్టమైనది ఫర్మానా కౌంటీలోని కూల్‌క్రాన్. అక్కడ బయటపడింది ఓక్ చెక్కతో కట్టిన బిలం. నీరు నిలిచిన నేల కావడంతో కలప కుళ్లలేదు. చెట్టు వలయాలు లెక్కపెడితే ఆ ఓక్ చెట్లు నరికింది క్రీ.శ. 822 ప్రాంతంలోనని, అటూఇటూ 9 ఏళ్ల తేడాతో, తేలింది. 3,500 బిలాల్లో ఇంత కచ్చితంగా తేదీ పలికినది ఇంకొకటి చెప్పడం కష్టం.

రెండో ఆధారం రాతి మీద రాత. 1838లో కెర్రీ కౌంటీలో కూల్‌మగోర్ట్ దగ్గర ఒక బిలం బయటపడింది. కట్టుబడికి వాడిన బండల అంచుల మీద గీతలున్నాయి. అవి ఓగమ్ లిపి. రాతి అంచునే గీతగా తీసుకుని, దానికి ఇటూ అటూ అడ్డంగా గాట్లు పెట్టి రాసే ఐరిష్ తొలి లిపి అది. 'ఫలానావాడి కొడుకు, ఫలానా వంశంవాడు' అని చనిపోయినవాళ్ల పేర్లు రాసి నిలబెట్టిన స్మారక శిలలవి. 'టోయికాకి' అన్న వంశం పేరు ఒకటికి మించిన రాళ్ల మీద కనిపిస్తుంది. ఒక వంశపు పెద్దల రాళ్లన్నమాట. అలాంటి రాళ్లు ఏడింటిని ఎవరో తెచ్చి, బిలం కట్టడంలో వాడేశారు. ఓగమ్ శిలల కాలం సుమారు 4 నుంచి 7 శతాబ్దాలు. వాటి మీది పేర్లు చదివి తలవంచే మనుషులు పోయాకే వాటిని పైకప్పు బండలుగా వాడి ఉండాలి. కార్క్ కౌంటీలోని బాలినాక్‌లోనూ ఇలాగే ఓగమ్ రాళ్లు బిలం కట్టుబడిలో దొరికాయి. తాతల రాళ్లను మట్టిలో పూడ్చాల్సినంత అవసరం ఏమొచ్చిందన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. ఆ రాయి చేతికి అందేంత దగ్గర్లో ఉందన్న జవాబు నిజమే కావచ్చు, కానీ నాకది చాలడం లేదు.

ఈ విషయమంతటినీ ఒకచోట చేర్చిన గ్రంథం మార్క్ క్లింటన్ రాసిన 'ది సూటరెయిన్స్ ఆఫ్ ఐర్లండ్'. 2001లో వచ్చింది. బిలాలు ముమ్మరంగా వాడిన కాలం సుమారు 750 నుంచి 1250 దాకా అని ఆయన నిర్ణయం. దీని పక్కన ఇంకో లెక్క పెట్టాలి. అప్పటి ఐరిష్ రైతు కుటుంబాలు గుండ్రటి మట్టికట్ట, దాని చుట్టూ కందకం ఉన్న ఆవరణల్లో ఉండేవి. వీటిని రింగ్‌ఫోర్ట్ అంటారు. పేరులో కోట ఉంది గానీ నిజానికి అది ఇల్లు, గొడ్లదొడ్డి కలిసిన కమతం. మాథ్యూ స్టౌట్ 1997లో ఇలాంటివి 45,119 లెక్క తేల్చాడు. వాటిలో ఎక్కువ భాగం 600 నుంచి 900 మధ్య వాడుకలో ఉన్నవి. అంటే కట్టల కాలం వెనకబడుతున్నప్పుడు బిలాల కాలం ముందుకొచ్చింది. అప్పటికే ఉన్న కట్ట లోపల తర్వాత బిలం తవ్విన చోట్లున్నాయి. అసలు కట్టే లేని ఆరుబయటి పల్లెల్లో బిలాలున్నాయి. ఆంట్రిమ్ కౌంటీలో బాలీవీ అలాంటి పల్లె. 1974లో క్రిస్ లిన్ అక్కడ తవ్వకం జరిపాడు. ఇంటి లోపలినుంచే బిలంలోకి దారి ఉంది. మనుషులు నేల పైన కట్టే కాపుదలను మానుకుని నేల కిందికి నమ్మకం మార్చుకున్నట్టు ఈ లెక్క నాకు చెబుతోంది.

దాచుకోవడానికే అనే వాదాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తొలి మధ్యయుగపు ఐర్లండ్ పాడి మీద బతికిన దేశం. ఆవే డబ్బు, ఆవే హోదా. తవ్వకాల్లో దొరికిన పశువుల ఎముకలను పరిశీలించిన ఫిన్‌బర్ మెకార్మిక్, మందల్లో ఎక్కువ భాగం పెద్ద వయసు ఆవులేనని చూపాడు. అది మాంసం కోసం పెంచిన మంద కాదు, పాల కోసం పెంచిన మంద. ఎండాకాలం పొడుగునా వెన్న, జున్నుగడ్డ, పాలపదార్థాలు చేసి చలికాలానికి నిలవ చేయాలి. నేల కింద ఏడాది పొడవునా 10 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే గదికన్నా అందుకు మంచి చోటు ఏది? ఈశాన్యంలో బిలాల్లో విరివిగా దొరికే ముతక కుండలకు 'సూటరెయిన్ వేర్' అన్న పేరే వచ్చింది. అడుగు చదునుగా, గడ్డి అచ్చులు పడిన మట్టికుండలు అవి. కుండలుంటే వంటా నిలవా రెండూ ఉన్నట్టే. అయితే ఆ కుండలు ఆ ప్రాంతంలో ఇళ్లలోనూ అంతే విరివిగా దొరుకుతాయి. పేరు చూసి బిలాల కోసమే చేసిన కుండలనుకోకూడదు.

పాకుడు కన్నం లేని బిలాలు చాలా ఉన్నాయన్నది ఈ వాదానికి ఇంకా బలం. డౌన్ కౌంటీలో డ్రమీనా రాతి ఆవరణలోని బిలం ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో ఉంటుంది. 1925–26లో దాన్ని బాగుచేశారు. కాస్త వంగి నడిస్తే లోపలికి పోవచ్చు. ఇలాంటి చోట వెన్న దాచారంటే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు రెండోవైపు. అల్‌స్టర్ మ్యూజియంలో పనిచేసిన రిచర్డ్ వార్నర్ 1979లో, ఈ కట్టడాలు ప్రధానంగా ఆశ్రయం కోసమేనని గట్టిగా వాదించాడు. అంతకు కొంచెం ముందే, ఐర్లండ్ నేషనల్ మ్యూజియం డైరెక్టరుగా ఉన్న ఏ.టి. లూకస్ పాత గ్రంథాల్లో బిలాల ప్రస్తావనలన్నీ ఏరి చూపాడు. వాటిలో కొన్ని చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

అల్‌స్టర్ వార్షిక చరిత్రలో 863 కింద ఒక నమోదు ఉంది. వైకింగ్ నాయకులు అమ్లైవ్, ఈవర్, ఔష్లె ముగ్గురూ మీథ్ రాజు లోర్కాన్‌తో కలిసి ఉత్తర బ్రెగ రాజు ఫ్లాన్ దేశం మీద పడ్డారు. నౌత్, డౌత్ దగ్గర ఉన్న బిలాలను వెతికించారు. ఇంతకు ముందెన్నడూ ఎవరూ ఈ పని చేయలేదని చరిత్రకారుడు ప్రత్యేకంగా రాశాడు. వాళ్లు జొరబడింది అక్కడి నవీన శిలాయుగపు మహా సమాధుల్లోకా, అప్పటి ఇళ్ల బిలాల్లోకా అన్న చర్చ ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్న చోటది. నౌత్ దిబ్బ మీద ఆ శతాబ్దంలో ఉత్తర బ్రెగ రాజుల నివాసం ఉండేది. జార్జ్ ఓగన్ దశాబ్దాల తరబడి జరిపిన తవ్వకాల్లో అక్కడ 9 బిలాలు బయటపడ్డాయి. లోర్కాన్ సంగతి కూడా చెప్పాలి. మరుసటి ఏడాదే అతని కళ్లు పొడిపించాడు పెద్దరాజు ఏడ్.

రెండో కథ దోచుకున్నవాళ్ల వైపు నుంచి వచ్చింది. ఐస్‌లాండ్‌లో మొదట కాపురం పెట్టినవాళ్ల చరిత్ర 'లండ్‌నామబోక్'. అందులో లీవ్ అనే నార్వే మనిషి ఐర్లండ్ మీద దాడికి పోయి, ఒక పెద్ద నేలకింది ఇల్లు కనిపెడతాడు. లోపల కటిక చీకటి. అందులో దాగిన మనిషి చేతిలోని కత్తి తళుక్కుమనేదాకా ఏమీ కనిపించలేదు. లీవ్ అతణ్ణి చంపి, కత్తీ సొమ్మూ తీసుకున్నాడు. నార్స్ భాషలో 'హ్యోర్' అంటే కత్తి. అప్పటినుంచి అతని పేరు హ్యోర్‌లీవ్. ఆ దాడుల్లో పట్టుకున్న పదిమంది ఐరిష్ బానిసలను అతను తర్వాత ఐస్‌లాండ్‌కు తీసుకుపోయాడు. వాళ్లు తర్వాత తిరగబడి అతణ్ణి చంపి, దగ్గరి దీవులకు పారిపోయారు. ఐరిష్ వాళ్లను పడమటి మనుషులనేవారు కాబట్టి ఆ దీవుల పేరు ఇప్పటికీ వెస్ట్‌మన్ దీవులే. ఈ గ్రంథం రాతలోకి వచ్చింది చాలా తర్వాత; కత్తి మెరుపు కథకుడి కల్పనే కావచ్చు. కానీ ఐర్లండ్ అనగానే నేల కింది ఇంట్లో దాగిన మనిషి, ఓడలోకి ఎక్కించిన బానిసలు ఒకే కథలో గుర్తుండిపోవడం ఊరికే జరిగింది కాదు.

నా మొగ్గుకు అసలు కారణం ఈ బానిసల సంగతే. దాక్కోవడం అనగానే పండితులు ఒక ఆక్షేపణ చెబుతారు. ఆవే ఆస్తి అయిన దేశంలో ఆవును బిలంలో దాచలేం కదా, మరి దాడి నుంచి ఏం కాపాడినట్టు? దీనికి జవాబు, అప్పటికి దోపిడీలో వెతికే సరుకు మారింది. 821లో వైకింగ్‌లు డబ్లిన్ పక్కనున్న హౌత్ మీద పడి పెద్ద సంఖ్యలో ఆడవాళ్లను పట్టుకుపోయారని వార్షిక చరిత్రలో ఉంది. 951లో డబ్లిన్ నుంచి వచ్చిన సేన కెల్స్‌నూ చుట్టుపక్కల మఠాలనూ దోచి, 3,000 మందికి పైగా మనుషులను పట్టుకుపోయింది. డబ్లిన్ ఆ కాలంలో బానిసల సంత. ఐరిష్ రాజులూ ఒకరి మీద ఒకరు పోయి మనుషులను పట్టి తెచ్చుకున్నారు. బానిసత్వం వైకింగ్‌లతో వచ్చిందీ కాదు. పాత ఐరిష్ చట్టాల్లో విలువకు కొలత 'కుమల్'. ఆ మాటకు అర్థం బానిస స్త్రీ. ఒక కుమల్ అంటే సాధారణంగా 3 పాడి ఆవులు. మనిషికి ఆవుల్లో ధర కట్టిన సమాజంలో, కొనేవాడు ఓడతో రేవులో కాచుకున్న రోజుల్లో, ఇంట్లో అందరికన్నా ముందు దాచాల్సింది ఎవరిని? పిల్లలను, ఆడవాళ్లను.

కన్నం కొలత కూడా ఇక్కడే అర్థమవుతుంది. కవచం తొడిగిన మగవాడికి నరకంలా ఉండే సందులోంచి పదేళ్ల పిల్ల చటుక్కున దూరిపోతుంది.

పొగ పెడితే? ద్వారం దగ్గరే కాపు కాస్తే? ఈ ఆక్షేపణ బలమైనదే, దీన్ని నేను దాటవేయను. లోపల చిక్కుకున్నవాళ్లకు దారి లేదు. కిల్‌కెన్నీ కౌంటీలోని డన్‌మోర్ సహజ గుహలో 10వ శతాబ్దం తొలి భాగంలో డబ్లిన్ వైకింగ్‌లు 1,000 మందిని చంపారని చరిత్రలు చెబుతాయి; ఆ గుహలో మనుషుల ఎముకలు దొరికాయి కూడా. సంఖ్య సంగతి ఎలా ఉన్నా, దాగినచోటే చావు వచ్చిన సందర్భమది. కానీ అది ఎవరికైనా తెలిసిన పెద్ద గుహ. ఇంటి బిలం అలా కాదు. దాని బలమంతా ఎవరికీ కనిపించకపోవడంలోనే ఉంది. గుర్రాల మీద వచ్చే ముఠాకు తొందర. ఆవులను తోలుకుని చీకటి పడేలోపు పొలిమేర దాటాలి. ప్రతి ఇంట్లో నేల తట్టి చూస్తూ, ప్రాణం మీదికి తెచ్చుకుని ఒక్కొక్కరే కన్నంలో దూరే తీరిక వాళ్లకు లేదు. బిలం ముట్టడిని తట్టుకోనక్కర్లేదు, ఒక్క మధ్యాహ్నం గడిస్తే చాలు.

పొరుగు దేశాలతో పోలిక కూడా ఇటే చూపుతుంది. తూర్పు స్కాట్లండ్‌లో ఆర్డెస్టీ, కార్లంగీ వంటి చోట్ల నేలకింది రాతి దారులున్నాయి. అవి ఐరిష్ బిలాలకన్నా కొన్ని శతాబ్దాల ముందువి. వెడల్పుగా ఉంటాయి, నిలబడి నడవచ్చు, పాకుడు కన్నాలుండవు. గింజల నిలవకు కట్టినవని ఎక్కువమంది ఒప్పుకుంటారు. కార్న్‌వాల్, బ్రిటనీల్లోవి ఇంకా పాతవి. దాచుకోవడానికే కట్టుకుంటే ఎలా కడతారో స్కాట్లండ్ చూపిస్తోంది. ఐర్లండ్‌లో అలా కట్టలేదు.

అంతమాత్రాన 3,500 బిలాలకూ ఒకే జవాబు రుద్దడం తప్పు. లౌత్, మీథ్, ఆంట్రిమ్‌లలోని పొడవాటి, అంతస్తుల, కన్నాల బిలాలు వేరు. కార్క్‌లో మట్టిలో తొలిచిన చిన్న గదులు వేరు. కెర్రీలో లెకనబూలా రాతి ఆవరణలో బిలం గుండ్రటి ఇంట్లో మొదలై ప్రహరీ గోడ లోపలి గదికి చేరుతుంది. రాస్‌కామన్‌లో రాథ్‌క్రోహన్ దగ్గర 'పిల్లుల గుహ' అనే ఓవెనగాట్ ఇంకో రకం. రాతితో కట్టిన చిన్న దారి సహజమైన సున్నపురాతి చీలికలోకి దిగుతుంది. ద్వారం మీది బండ ఓగమ్ రాయి. 'మేవ్ కొడుకు ఫ్రేక్ ది' అని దాని మీద ఉంది. పురాణాల్లో అది పరలోకపు వాకిలి. దాన్ని వెన్నగదుల లెక్కలో గానీ, దాగుడుగదుల లెక్కలో గానీ వేయలేం. ఇంటికి బిలమంటూ ఉన్నాక ప్రశాంతమైన రోజుల్లో ముందుగదిలో వెన్నకుండ పెట్టుకోవడం సహజమే. నేననేది ఇంతే: కన్నాలు తొలిచి, దారి మెలికలు తిప్పి, పైకప్పులో మూతలు పెట్టిన బిలాలను మనుషులు మనుషుల కోసమే కట్టారు. వెన్న కోసం ఎవరూ అంత కష్టపడరు.

ఇవి ఇంతకాలం చెక్కుచెదరకుండా ఉండటానికి చట్టాలకన్నా భయం ఎక్కువ సాయం చేసింది. రింగ్‌ఫోర్టులు 'షీ' అనే దేవతల జనం నివాసాలని, వాటిని చెడగొడితే కీడు జరుగుతుందని పల్లెల్లో గట్టి నమ్మకం. 1937–39లో ఐరిష్ జానపద కమిషన్ బడిపిల్లల చేత ఊళ్లోని పెద్దల కథలు రాయించింది. ఆ నోటుపుస్తకాల్లో ఈ బిలాల కథలు వస్తూనే ఉంటాయి. యంత్రాల వ్యవసాయం వచ్చాక ఆ భయం తగ్గింది, పొలాలు చదునయ్యాయి, ఎన్నో కట్టలు పోయాయి. బయటపడిన బిలాల్లో పూర్తిగా తవ్వి చూసినవి చాలా కొద్ది. చాలావరకు కొలతలు తీసుకుని మళ్లీ మూసేస్తారు. అది సరైన పనేనని నా అభిప్రాయం. మట్టి కింద ఉన్నంతకాలం అవి మనకన్నా మెరుగైన పరికరాలున్న రేపటివాళ్ల కోసం భద్రంగా ఉంటాయి.

ఉద్యోగాల కోసం, చదువుల కోసం ఇప్పుడు ఐర్లండ్‌లో చాలా తెలుగు కుటుంబాలున్నాయి. డబ్లిన్‌లో ఉన్నవాళ్లకు నౌత్ కారులో సుమారు గంట దూరం; బ్రూ నా బోన్యె సందర్శకుల కేంద్రం నుంచి తీసుకెళ్లి చూపిస్తారు. కిల్లర్నీ సరస్సులు చూడబోయేవాళ్లు దగ్గర్లోనే ఉన్న డన్‌లో దగ్గర కాసేపు ఆగండి. కూల్‌మగోర్ట్ బిలంలోంచి తీసిన ఆ ఏడు ఓగమ్ రాళ్లు ఇప్పుడు అక్కడ దారిపక్కన నిలబడి ఉన్నాయి. అంచుల మీది గాట్లను కళ్లతోనే చూడండి, చేత్తో గీకకండి. పొలాల్లో కనిపించే బిలాల్లోకి మాత్రం రైతు అనుమతి లేకుండా, తోడు లేకుండా దిగవద్దు. వాటి పైబండల వయసు వెయ్యేళ్లు.